అధికమాసం లేని క్యాలెండర్

ఆ తేదీ ఎర్ర పెన్నుతో రాసింది నేనే: 2013 ఆగస్టు 1. దమ్మాంలో మా ట్రాన్స్‌పోర్టు కంపెనీ రిజిస్టరులో, ఒక ట్రేలా హెడ్డు ఇస్తిమారా గడువు అది. ఇస్తిమారా అంటే మన ఆర్సీ అనుకోండి. మూడేళ్ల కింద దాన్ని రెన్యువల్ చేయించిన రోజునే, మూడు కలిపి, రాసిపెట్టేశాను. ముందుచూపున్న గుమస్తానని నాకు నేనే మెచ్చుకున్నట్టు కూడా గుర్తు.

ఆ ధీమాకి కారణం ఉంది. సౌదీ రాకముందు ఆరేళ్లు నిజామాబాద్‌లో ఆర్టీఓ ఏజెంటు దగ్గర పనిచేశాను. అప్పట్లో నేషనల్ పర్మిట్ లారీ ఏ రాష్ట్రంలో తిరగాలంటే ఆ రాష్ట్రం పేరిట పన్ను డీడీ తీయాలి. నాందేడ్ వైపు పోయే బండికి ఒక్క డీడీ తక్కువైతే సాలూర చెక్‌పోస్టు దగ్గర ఆగినట్టే. 2010 మేలో కేంద్రం ఆ గోలంతా తీసేసి, ఏడాదికి 15 వేలు ఒకేసారి కడితే దేశమంతా తిరగొచ్చంది. మా గిరాకీ సగం అక్కడే పడిపోయింది. సరిగ్గా అప్పుడే నాకు వీసా వచ్చింది.

దమ్మాంలో పని చూస్తే నవ్వొచ్చింది. అక్కడి నుంచి జిద్దాకు 1,300 కిలోమీటర్ల పైమాటే. దేశంలో 13 ప్రాంతాలున్నా ఒకే ఇస్తిమారా మీద ఎక్కడికైనా పోవచ్చు. పర్మిట్ అడిగేవాడు లేడు. దేశం దాటే బండ్లతోనే అసలు పని. కువైట్‌కు ఖఫ్జీ, ఖతర్‌కు సల్వా, ఎమిరేట్స్‌కు బత్హా, బహ్రెయిన్‌కు సముద్రం మీది వంతెన. బండికి ఇస్తిమారా, పోయే దేశంలో చెల్లే ఇన్సూరెన్సు, డ్రైవరు పేరున యజమాని ఇచ్చే తఫ్వీద్ అనే అధికార పత్రం, డ్రైవరుకు వెళ్లి తిరిగొచ్చే వీసా, సరుకుకు కస్టమ్స్ కాగితం. ఈ అయిదూ సరిపోతే గేటు లేస్తుంది. డీడీల అడవిలో తిరిగినవాడికి ఇదొక లెక్కా?

2013 జులై 2, మంగళవారం. జుబైల్ నుంచి ప్లాస్టిక్ గింజల బస్తాలు, 25 కిలోలవి, ఎమిరేట్స్‌లోని జెబెల్ అలీకి పోవాలి. డ్రైవరు జగిత్యాల వైపు ఆయన, యాభై దాటిన మనిషి. అందరం కాకా అనేవాళ్లం. బండెక్కబోతూ నా కిటికీ దగ్గర ఆగాడు.

"తమ్మీ, పాకిస్తానీ డ్రైవరు ఇస్తిమారా చూసి, షాబాన్ ఇరవై అని రాసున్నదన్నడు. షాబాన్ ఒడుస్తున్నది గద?"

"రిజిస్టర్ల ఆగస్టు ఉన్నది కాకా. నువ్వు పో."

కార్డు చేతిలోకి తీసుకుని చూడలేదు. అది అప్పుడు నాకు ఒక అడుగు దూరంలో ఉంది.

మర్నాడు బత్హా నుంచి ఫోను. "వెనుకకు మలుపుమంటున్రు తమ్మీ. గడువు ఒడిసి నాలుగు రోజులైందట."

1434 షాబాన్ 20 అంటే జూన్ 29. హిజ్రీ ఏడాదికి 354 రోజులు, ఒక్కోసారి 355. ఇంగ్లిషు ఏడాదికంటే పదకొండు రోజులు తక్కువ. మూడేళ్లకు 33. నేను రాసుకున్న ఆగస్టు 1కీ, కార్డు మీది తేదీకీ మధ్య ఉన్నది సరిగ్గా అంతే. మన పంచాంగంలోనూ ఈ లోటు ఉంది. ఇంచుమించు మూడేళ్లకో అధికమాసం వచ్చి దాన్ని పూడుస్తుంది. 2012లో అధిక భాద్రపదం వచ్చింది, వినాయక చవితి ఆలస్యమని అమ్మ ఫోన్లో చెప్పింది కూడా. హిజ్రీకి అధికమాసం లేదు. అదీ నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో అలావా చుట్టూ ఆడిన పీర్ల పండుగ, నేను విమానం ఎక్కేనాటికి చలికాలంలోకి వచ్చేసింది. పండుగ జరుగుతుందని తెలిసినవాడికి ఆర్సీ గడువు కూడా జరుగుతుందని తట్టలేదు.

హెడ్డు రెన్యువల్ కావాలంటే ముందు జరిమానాలు కట్టాలి, ఫహస్ చేయించాలి. ఫహస్ అంటే మన ఫిట్‌నెస్. సరుకుతో సరిహద్దు దగ్గర ఉన్న బండికి అది కుదరదు. ఇంకో హెడ్డు పంపి, ట్రేలాను దానికి తగిలించి, కాగితాలన్నీ కొత్త నంబరు మీద మళ్లీ చేయించాలి. సౌదీలో ప్రభుత్వ సెలవులు గురు-శుక్రల నుంచి శుక్ర-శనులకు మారింది కూడా ఆ జూన్ 29నే. గురువారం ఆఫీసు తెరిచే ఉంటుందని సంబరపడ్డాను. శనివారం మూసి ఉంటుందని మరిచాను. రెండో హెడ్డు బత్హా చేరేసరికి ఆదివారం రాత్రి.

జులై ఎండలో నాలుగు రోజులు కాకా ఆ క్యాబిన్‌లోనే ఉన్నాడు. ఇంజను నడిస్తేనే ఏసీ. డీజిల్ అయిపోతుందేమోనని గంట నడిపి గంట ఆపేవాడట.

ఇంతవరకూ పొరపాటు. ముదీర్, అంటే మా మేనేజరు, పిలిచి ఎవరి తప్పని అడిగినప్పుడు నేనన్న మాట పొరపాటు కాదు. "ఇస్తిమారా డ్రైవరు జేబులోనే ఉంటుంది సార్. ఆయన నాకు చూపించలేదు" అన్నాను. రిజిస్టరులో ఆ పేజీ అప్పటికే చింపేశాను. అరబ్బీలో నా మాట అక్కడ చెల్లుతుంది, కాకాకు అరబ్బీ రాదు. ఆయన రెండు నెలల జీతంలో మూడేసి వందల రియాళ్లు కోశారు. ట్రిప్పు పైసలు రెండో డ్రైవరుకు పోయాయి. కాకా నన్నేమీ అడగలేదు. కిటికీ దగ్గర ఆగడం మాత్రం మానేశాడు. కాగితాలు వేరే కుర్రాడితో తెప్పించుకునేవాడు.

ఆ తర్వాత ప్రతి బండికీ రెండు తేదీలు రాశాను, హిజ్రీ ముందు, ఇంగ్లిషు తర్వాత. కార్డు చేత్తో పట్టుకుని చూడందే బండి కదలనిచ్చేవాణ్ని కాదు. మంచి గుమస్తా అని ముదీర్ జీతం కూడా పెంచాడు.

2023 నవంబరులో సౌదీ మంత్రివర్గం ప్రభుత్వ లావాదేవీల గడువుల్ని ఇంగ్లిషు క్యాలెండర్ ప్రకారం లెక్కించాలని నిర్ణయించింది. అప్పటికి నేను నిజామాబాద్ తిరిగొచ్చేసి అయిదేళ్లు. ఒక పాత దోస్తు ఆ వార్త ఫోన్‌కు పంపి, కింద రాశాడు: కాకా కూడా వచ్చేసిండు, ఊళ్లోనే ఉంటుండు.

నిజామాబాద్ బస్టాండు నుంచి ఆర్మూర్, మెట్‌పల్లి మీదుగా జగిత్యాలకు బస్సులు పొద్దంతా ఉంటాయి. నూరు కిలోమీటర్లు. ఆరు వందల రియాళ్లు రూపాయల్లో ఎంతవుతాయో మూడుసార్లు లెక్కేశాను. బస్సు ఇంకా ఎక్కలేదు.