శవాల మందు పసిబిడ్డ సూదిలో ఉంటుందా?

మన సైన్సు గదిలో గాజు సీసాలో కప్ప ఉంది కదా, అది ఎన్ని ఏండ్లయినా కుళ్ళలేదు. దాన్ని నిలబెట్టే నీళ్ళ పేరు ఫార్మలిన్. ఫార్మాల్డిహైడ్ అనే వాయువును నీళ్ళలో కలిపితే ఫార్మలిన్ అవుతుంది. శవాలు చెడిపోకుండా ఉంచేదానికి కూడా ఇదే వాడతారు.

ఈ మందే పిల్లల సూదుల్లో కలుపుతారని ప్రొద్దుటూరులో మా బా బేల్దారి పని చేసే కాడ ఎవరో చెప్పినారంట. ఆ మాట పులివెందుల దగ్గర మా తాండాకు వచ్చింది. అక్కడి నుంచి జమ్మలమడుగులో ఉండే మా అత్తకు పోయింది. మా తమ్మునికి అప్పుడు పది వారాలు, రెండో సూది వేయాల. నర్సమ్మ పిలిస్తే మా యాడి బిడ్డను ఎత్తుకొని లోపలికి పోయింది. నేను సెలవులకు ఇంట్లోనే ఉంటిని. "నువ్వు సదువుకున్నదానివి గదా, నిజమేనా చెప్పు" అని అడిగినారు. మా ఇంట్లో చదివేది నేనొక్కదాన్నే. నాలుగు రోజులు ఆగమని చెప్పి, బడికి వచ్చి టీచరును అడిగి, ఆదివారం ఫోనులో చెప్పినా.

మాట నిజమే. కానీ ఎందుకు, ఎంత అనేది ఎవరూ చెప్పలేదు. ధనుర్వాతం, కంఠసర్పి క్రిములు మనల్ని చంపేది వాటి విషంతోనే. 1920లలో ఫ్రాన్సులో గాస్టన్ రామోన్ అనే పశువుల డాక్టరు ఆ విషంలో కొంచెం ఫార్మలిన్ వేసి కొన్ని వారాలు వెచ్చగా ఉంచినాడు. విషం పోయింది, రూపం మిగిలింది. ఆ రూపాన్ని చూసి మన ఒళ్ళు పోట్లాడేది నేర్చుకుంటుంది. కోరలు పీకిన పామును చూపించి పిల్లోనికి పామంటే ఏందో తెలిపినట్టు అని యాడికి చెప్పినా. పని అయినాక ఫార్మలిన్‌ను చాలా వరకు తీసేస్తారు. ఒక సూదిలో 0.1 మిల్లీగ్రాము మించకూడదు. మనకు పదేండ్లప్పుడు వేసే టీడీ సూది కూడా ఇట్లా చేసిందే.

అరటిపండ్లలో కూడా కిలోకు 16 మిల్లీగ్రాముల దాకా ఉంటుందంట. మా పులివెందుల చుట్టూ అరటి తోటలే కదా! కానీ బా ఊరుకోలేదు. "తినేది వేరు, సూదితో పొడిచేది వేరు" అన్నాడు. ఆ మాట సరైనదే. అందుకని రక్తం లెక్క చెప్పినా. 5 కిలోల బిడ్డ రక్తంలో ఏ సూదీ వేయకముందే సుమారు 1.1 మిల్లీగ్రాము ఉంటుంది. ఒళ్ళే దాన్ని చేసుకుంటుంది. సూదిలోది అందులో పదో వంతు కూడా కాదు. రక్తంలో చేరింది నిమిషాల్లోనే మారిపోతుంది.

అట్లని ఇది మంచి మందని కాదు. ఏండ్ల తరబడి దాని గాలి పీల్చేవాళ్ళకు ముక్కు వెనక కాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు విభాగం 2004లో తేల్చింది. కాబట్టి చెల్లెళ్ళారా, ఆ కప్ప సీసా మూత తీసి వాసన చూడొద్దు.

మాకు గొర్రెలు కూడా ఉన్నాయి. వానలకు ముందు వేసే చిటుకు రోగం టీకా కూడా ఫార్మలిన్‌తో చంపిన క్రిములతో చేసిందే. దానికి బా ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. తప్పిపోయిన గొర్రెను వెతికి తెచ్చి మరీ వేయిస్తాడు. ఈ మాట చెబితే ఫోనులో నవ్వినాడు.

మా అవ్వకు లెక్కలు పట్టలేదు. ఆమె మొదటి బిడ్డ బొడ్డు కొడవలితో కోసినారంట. ఏడో రోజు బిడ్డ పాలు పట్టలేదు, కట్టెలాగా బిగుసుకొని చచ్చిపోయింది. అది ధనుర్వాతమని టీచరు చెప్పింది. ఇప్పుడు కడుపుతో ఉన్నప్పుడే తల్లికి సూది వేస్తారు కాబట్టి పురిటి బిడ్డలకు అది రావడం చాలా తక్కువ. అవ్వ ఒక్కటే అన్నది, "ఏపిచ్చండి" అని.

తమ్మునికి వేయించినారు. ఒక రోజు జ్వరం వచ్చింది, తొడ వాచింది, తగ్గిపోయింది. మూడోది కూడా అయింది. జమ్మలమడుగు అత్త మాత్రం తన బిడ్డకు ఇంకా వేయించలేదు. గోడపత్రిక దించినాక ఈ కాగితం నాకే ఇమ్మని టీచరును అడిగినా. దసరాకు పోయినప్పుడు అత్తకు చదివి వినిపిస్తా.