పాత డబ్బాలో కొత్త బోర్డు

ఎర్రగుంట్ల హాస్టల్ నుంచి రాస్తున్నాం. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా రూంలో ఒక పాత కంప్యూటర్ ఉంది. చదువు అయిపోయిన సీనియర్ అన్న పోతూ మాకిచ్చిపోయినాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ప్రాజెక్టు రిపోర్టులు, టైపింగ్ ప్రాక్టీసు, ఏడుగురికీ అన్నీ దాంట్లోనే. ఒకరోజు అది ఆగిపోయింది. షాపుకు మోసుకుపోతే "బోర్డు పోయింది, కొత్త సిస్టం తీసుకోండప్పా" అన్నారు. అంత డబ్బు మా దగ్గర యాడుంది?

విప్పాలంటే భయం. బడిలో మాకు కంప్యూటర్ అంటే గుడ్డ కప్పిన వస్తువు. "ముట్టుకోవద్దు, చెడిపోతే మీ నాయన కడతాడా?" అనే మాట వింటూనే పదో తరగతి దాటినాం. ఇప్పుడు చెడిపోడానికి ఇంకేం మిగల్లేదు కదా అని విప్పినాం. లోపలంతా మన ఊరి దుమ్మే. బోర్డు మీద కెపాసిటర్లు తలలు ఉబ్బిపోయినాయి.

వీడియోలు చూసి ఒక సంగతి తెలుసుకున్నాం. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత తెచ్చింది. ఆ కొలత డబ్బా అయితే స్క్రూల చోట్లు ఇప్పటి బోర్డులకూ సరిపోతాయి. డబ్బా, ఎస్ఎంపీఎస్ బాగుంటే పారేయనక్కర్లేదు. కొన్ని కంపెనీల రెడీమేడ్ సిస్టంలకు మాత్రం కొలత వేరే ఉంటుంది, ముందే చూసుకోవాలి. ర్యామ్ కూడా అంతే. డీడీఆర్3 ర్యామ్ డీడీఆర్4 స్లాట్లో కూర్చోదు, గాడి వేరేచోట ఉంటుంది.

తలా 800 వేసుకున్నాం. ఒక్కొక్కరి ఇంట్లో అది రెండు మూడు రోజుల కూలి. ప్రొద్దుటూరులో సెకండ్‌హ్యాండ్ బోర్డు, ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ తెచ్చినాం. ప్లగ్ పీకి, డబ్బా ఇనుము ముట్టుకుని, బోర్డు బిగించినాం. స్విచ్ వేస్తే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోయింది. మళ్లీ వేసినా అంతే. బిగించినోడు ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరూ వాణ్ని ఒక్క మాట అనలేదు, అదే వాడికి ఇంకా కష్టమైంది.

పొద్దున్నే బోర్డు మళ్లీ బయటికి తీసినాం. పాతది 24.4 సెంటీమీటర్ల చదరం బోర్డు. కొత్తది 30.5 సెంటీమీటర్ల పొడుగుది. డబ్బాలో స్క్రూ కింద ఉండే ఇత్తడి కాళ్లు పాత బోర్డు కొలతకే ఉన్నాయి. వాటిలో ఒకటి కొత్త బోర్డు రంధ్రం కింద కాకుండా వెనకవైపు టంకానికి తగులుతోంది. షార్ట్ అయి ఎస్ఎంపీఎస్ దానంతటదే ఆగిపోయింది. బోర్డును కాపాడింది కూడా అదే. ఆ కాలు పీకేసి, రంధ్రం ఉన్నచోట బిగించినాం. ఈసారి స్క్రీన్ వెలిగింది. వార్డెన్ సార్ పరిగెత్తి వచ్చేంతగా అరిచినాం.

బోర్డు పెట్టే ముందు ఇత్తడి కాళ్లు, రంధ్రాలు ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకోండి. అంతకంటే ముందు, ముట్టుకోవద్దన్న ఆ పాత మాటను మనసులోంచి తీసేయండి.

మీ హాస్టల్లో మూలన పడేసిన సిస్టం ఉంటే చెప్పండి. స్క్రూడ్రైవర్ తీసుకుని ఆదివారం వస్తాం.