పరదా వెనక అబ్బా గొంతు

అబ్బా ఇంతెకాల్ అయి రెండేళ్లు. ఆయన గొంతు నా ఫోన్‌లో పద్నాలుగు రికార్డింగులుగా మిగిలింది. అమ్రాబాద్‌లో మా ఇంటి ముందు నులక మంచం మీద కూర్చొని చెప్పిన కిస్సాలవి. మన్ననూరు దాటి ఫర్హాబాద్ అడవి దిక్కు పోయిన రోజులు, చిన్నప్పటి ఈద్‌లు, దాదీ చేసిన షీర్ ఖుర్మా... అన్నీ అందులో ఉన్నాయి.

రంజాన్ ముందు ఆపా హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "అబ్బా మాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించియ్యిరా, పిల్లలు వింటరు" అంది.

కొలువు కోసం నా విండోస్ లాప్‌టాప్‌లోనే ఉబుంటు నడుపుతాను. దానికి సీ డ్రైవ్ అంటూ ఉండదు. ఉన్నదంతా ఒకే చెట్టు, దాని కొమ్మలు. విండోస్ సీ డ్రైవ్ 'ఎంఎన్‌టీ' అనే కొమ్మ కింద 'సి' అనే ఫోల్డరుగా కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్ మాత్రం తనంతట తాను రాదు. 'ఈ' అని ఖాళీ ఫోల్డరు చేసి, దాని మీద పెన్‌డ్రైవును మౌంట్ చెయ్యాలి. ఆ పని నేను ఎప్పుడో చేసి ఉన్నాను.

రికార్డింగుల్లో గాలి హోరు తగ్గించి, ఆ రాత్రే కాపీ కొట్టాను. పర్మిషన్ లేదంది. విసుగొచ్చి ముందు సుడో తగిలించాను. చప్పుడు లేకుండా పని అయిపోయింది. తసల్లీగా ఫోన్‌లోవి, లాప్‌టాప్‌లోవి చెరిపేశాను.

వారానికి పెన్‌డ్రైవ్ మౌంట్ చేసి చూస్తే ఖాళీ! చేతులు చల్లబడ్డాయి. అమ్మీ తలుపు దగ్గర నిలబడి, "దొరికినయా బేటా?" అంది. నోరు పెగల్లేదు.

సెహ్రీ దాకా తల పట్టుకొని కూర్చున్నాక గల్తీ అర్థమైంది. చేత్తో చేసిన మౌంట్ ఉబుంటు ఆగితే పోతుంది. నేను కాపీ చేసిన రాత్రి ఆ ఫోల్డరు మీద పెన్‌డ్రైవ్ లేనే లేదు. ఫైళ్లు ఉబుంటు సొంత డిస్కులోని ఖాళీ ఫోల్డర్లోకి వెళ్లాయి. ఆ ఫోల్డరు నేను సుడోతో చేసింది కాబట్టే పర్మిషన్ లేదంది. అది అడ్డంకి కాదు, హెచ్చరిక. వినలేదు నేను. తర్వాత పెన్‌డ్రైవును మౌంట్ చేస్తే, అది పరదాలాగా వాటిని కప్పేసింది.

బిస్మిల్లా అనుకుంటూ 'యూమౌంట్' కొట్టాను. పరదా తొలగింది. పద్నాలుగూ ఉన్నాయి. అల్‌హందులిల్లా!

ఇప్పుడు కాపీకి ముందు 'మౌంట్‌పాయింట్' అనే కమాండ్‌తో అడుగుతున్నాను, అక్కడ నిజంగా డ్రైవ్ ఉందా అని. అవునంటేనే కాపీ. ఆ రెంటినీ ఒకే వరుసలో కలిపి రాసుకున్నాను, మరచిపోయే ఆస్కారం లేకుండా. ఎక్కించాక పెన్‌డ్రైవ్ పీకి, వేరే కంప్యూటర్లో ఒక్క ఫైలైనా తెరిచి వింటున్నాను. అప్పటిదాకా అసలువి చెరపను. మీ ఇళ్లల్లో కూడా ఫోన్లలో ఇట్లాంటి గొంతులు ఉండే ఉంటాయి. వాటిని రెండు చోట్ల దాచండి.

ఆ తెల్లవారుజామున అమ్మీ పక్కన కూర్చొని మొదటిది పెట్టాను. అబ్బా దగ్గి, గొంతు సవరించుకొని, "చాయ్ తేవే" అన్నాడు. అమ్మీ అలవాటుగా లేవబోయి, మళ్లీ కూర్చుంది.