ఒకే నుయ్యి

తెలుగు మేష్టారికి కంప్యూటరు గొడవ యెందుకని మా ఆవిడ మొదటినుంచీ అంటూనే ఉంది. కాని పిల్లలు వ్రాసే పద్యాలకు గురులఘువులు గుర్తించే పని యంత్రానికి అప్పజెబుదామని దురాశ పుట్టి, పైథాన్ భాష నేర్చుకున్నాను.

అందులో ‘క్లాసు’ అంటే మా కాలేజీ క్లాసు కాదు. సమాచారాన్నీ, దానితో చేయవలసిన పనులనూ కలిపి కట్టిన మూట. నేను ‘పద్యం’ అనే క్లాసు కట్టాను. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం. పైథాన్ లెక్కకు ఆరు! అక్షరాలు విడదీయడం, గణాలు, యతి, ప్రాస అన్నీ కలిసి ఒకే ఫైలు రెండువేల వరుసలు దాటింది. చిన్న తప్పు వెతకాలన్నా ఉత్పలమాల నుంచి సీసం దాకా ప్రయాణమే.

సరే, విడగొట్టాను. యతికో ఫైలు, ప్రాసకో ఫైలు. ఒక్కొక్కదానిలో ఒక చిన్న క్లాసు. పద్యం వాటన్నిటికీ వారసురాలు. వీటిని మిక్సిన్లంటారు. ఎంత ముద్దుగా ఉందో!

ఆ వారమే ఒక విద్యార్థిని ఉత్పలమాల వ్రాసి తెచ్చింది. యంత్రం ‘నిర్దోషం’ అంది. నేను మళ్లీ చూడలేదు. సభలో ఆ పిల్ల చదువుతూంటే ముందువరుసలోని పెద్దాయన ఒకరు, “మూడో పాదంలో ప్రాస తప్పిందమ్మా” అన్నారు. ఆమె నా వంక చూసింది.

సంక్రాంతికి మొగల్తూరు వచ్చిన మేనల్లుడికి ఆ ఫైళ్లు చూపించాను.

“యతిలోనూ, ప్రాసలోనూ ‘సరిచూడు’ అని ఒకే పేరు పెట్టారు మామయ్యా. వారసత్వంలో ముందు చెప్పినదే పలుకుతుంది. ప్రాస వంతు ఒక్కసారీ రాలేదు.”

“మరి తప్పని చెప్పదేం?”

“దాని దృష్టిలో తప్పు కాదుగా!”

కాఫీ తెచ్చిన మా ఆవిడ, “మా పుట్టింట్లోనూ అంతే. అన్నదమ్ములు నడిమింట గోడ కట్టుకున్నారు. నుయ్యి మాత్రం ఒకటే. రోజూ చేద దగ్గర పోట్లాట,” అంది.

“అత్తయ్య సరిగ్గా చెప్పింది,” అన్నాడు వాడు. “ప్రాసకు నాలుగు పాదాల ఆరంభాక్షరాలు రెండేసి ఇస్తే చాలు. పద్యం గుట్టంతా దానికెందుకు? అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోవాలి. అది తిరిగి పద్యం ఫైలును పిలవనూ కూడదు. ఒకరి గుమ్మంలో ఒకరు కాచుకు కూర్చుంటారు.”

గురులఘువుల్ని మాత్రం అక్షరాల ఫైలులోనే ఉంచమన్నాను. తర్వాతి అక్షరం సంయుక్తమైతే ముందుది గురువవుతుంది. ఆ ఇరుగుపొరుగుల్ని విడదీస్తే లెక్కే కుదరదు. వాడు ఒప్పుకున్నాడు.

సెలవుల తర్వాత ఆ అమ్మాయి దిద్దిన పద్యం తెచ్చింది. ఈసారి ముందు పెన్సిలు తీశాను.