ఆ నల్లపట్టీలు ఉండనివ్వండి!

సంక్రాంతికి ఊరెళ్లేసరికి మా ఇంటి హాల్లో కొత్త టీవీ! యాభై అయిదు అంగుళాలది. రొయ్యల గుంటలు ఈసారి చల్లగా చూశాయని బావ కొనిపెట్టాడు. మైపాడు సముద్రం హోరు వినిపించే మా చిన్న ఇంట్లో గోడంతా అదే.

భోగి రోజు భోజనాలయ్యాక కృష్ణ పాత సినిమా ఒకటి పెట్టాం. అంతే, అమ్మ ముఖం మాడిపోయింది.

'ఇదేందిరా... పైనా కిందా ఈ నల్లపట్టీలేంది? అంత డబ్బు పోసి కొంటే తెరంతా బొమ్మ రాదా?'

బావ అప్పటికే షాపువాడికి ఫోన్ కలుపుతున్నాడు. పట్నంలో పత్రికలో పనిచేసేవాణ్ని కదా... రిమోట్ అందుకుని మెనూలోకి వెళ్లి 'జూమ్' నొక్కాను. పట్టీలు మాయం! అమ్మ ముఖం వెలిగిపోయింది. నాయన మాత్రం కళ్లజోడు సర్దుకుంటూ, 'అటు చివర ఇద్దరు నిలబడుండాలే... ఏమయ్యారు?' అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా.

నిజానికి పట్టించుకోవాల్సింది. ఎందుకంటే వెడల్పు తెర సంగతి మా ఇంట్లో బాగా తెలిసినవాడు ఆయనే. 1974లో 'అల్లూరి సీతారామరాజు' వచ్చినప్పుడు నాయనకు పద్నాలుగేళ్లు. తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోప్ చిత్రం అది. సైకిల్ మీద నెల్లూరు వెళ్లి చూసొచ్చాడట. 'ఈ చివర్నుంచి ఆ చివరికి తల తిప్పి చూడాల్సొచ్చిందిరా' అని ఇప్పటికీ చెబుతాడు.

మొదట్లో సినిమా బొమ్మ ఇంత వెడల్పు ఉండేది కాదు. దాదాపు చదరంగా, నాలుగు పాళ్ల వెడల్పుకు మూడు పాళ్ల ఎత్తు. టీవీ కూడా అదే కొలతతో పుట్టింది. తీరా టీవీలు ఇళ్లలోకి వచ్చాక అమెరికాలో థియేటర్లు వెలవెలబోయాయి. ఇంట్లో దొరకనిదేదో చూపిస్తే తప్ప జనం రారని, 1953లో 'ది రోబ్' చిత్రంతో హాలీవుడ్ సినిమాస్కోప్‌ను తెచ్చింది. కెమెరాకు బిగించిన ప్రత్యేక కటకం వెడల్పాటి దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్మ్ మీదికి ఎక్కిస్తుంది. థియేటర్లో ప్రొజెక్టర్‌కున్న కటకం దాన్ని మళ్లీ విప్పుతుంది. ఆపరేటర్ ఆ కటకం మార్చడం మరిచిపోయాడా... హీరో తాటిచెట్టులా సాగిపోయేవాడు! మన దేశానికి ఇది 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్'తో వచ్చింది. తెలుగు తెరకు రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

ఈ బొమ్మ ఎత్తు ఒక అడుగైతే వెడల్పు 2.35 అడుగులు. మరి మన కొత్త టీవీలో? 1980ల్లో కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజినీరు పాత చదరపు బొమ్మనూ, సినిమాస్కోప్‌నూ పక్కపక్కన పెట్టి లెక్కలు వేసి ఓ మధ్యేమార్గం చూపించాడు. అదే ఇప్పుడు అందరి ఇళ్లలో ఉన్న 16:9 కొలత. మధ్యేమార్గం కాబట్టే అటు పాత బొమ్మకూ, ఇటు సినిమాస్కోప్‌కూ అది అచ్చంగా సరిపోదు.

మా టీవీనే తీసుకోండి. వెడల్పు 48 అంగుళాలు, ఎత్తు 27. సినిమాస్కోప్ బొమ్మ చివరి నుంచి చివరిదాకా పట్టాలంటే దాని ఎత్తు ఇరవై అంగుళాల పైచిలుకే వస్తుంది. మిగిలిన ఆరున్నర అంగుళాలూ నల్లపట్టీలు. వద్దని జూమ్ చేస్తే దాదాపు పావు వంతు వెడల్పు తెర బయటికి పోతుంది. పాత డబ్బా టీవీల్లో ఇంకా ఘోరం. తెర నిండా చూపించాలంటే నలభై శాతం పైగా పోవాల్సిందే. హీరోహీరోయిన్లు చెరో పక్కా నిలబడి మాట్లాడుకుంటుంటే మనకు మధ్యలో కిటికీ ఒక్కటే కనిపించేది... గుర్తుందా?

దీనికి ఉల్టా కూడా ఉంది. 1957 నాటి 'మాయాబజార్' చదరపు బొమ్మ. 2010లో రంగులద్ది సినిమాస్కోప్ కొలతలో విడుదల చేశారు. చదరాన్ని వెడల్పు చేయాలంటే పైనో కిందో కత్తెర పడక తప్పదు కదా!

ఈ లెక్కలన్నీ చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ దాకా ఆగి, అందరం సూళ్లూరుపేట దగ్గర హైవే పక్కనున్న వి ఎపిక్ థియేటర్‌కు వెళ్లాం. 2019 ఆగస్టులో 'సాహో'తో మొదలైంది. ఇప్పుడా ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయినా మావాళ్లకు ఇంకా మన నెల్లూరు థియేటరే. వంద అడుగులు దాటిన వెడల్పు తెర! అమ్మ ఈ చివర్నుంచి ఆ చివరికి తల తిప్పి తిప్పి చూసింది. 'ఇంత బొమ్మను అంతలో ఇరికించాలంటే పైనా కిందా చోటు వదలాలి గదా' అన్నాడు నాయన. అమ్మ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక చిన్నత్త పెళ్లి క్యాసెట్ చూద్దామన్నారు. 1996 నాటిది. ఈమధ్యే డీవీడీ చేయించారు. భోగి నాడు నేను పెట్టిన జూమ్ అలాగే ఉండిపోయినట్టుంది, బొమ్మ తెరంతా పరుచుకుని వచ్చింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, బంధువుల నవ్వులు... అందరం అందర్నీ వెక్కిరించుకుంటున్నాం. ఉన్నట్టుండి నాయన గొంతు.

'ఒరే... మా అమ్మేదిరా?'

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన లేచి టీవీ దగ్గరికెళ్లి కింది అంచు మీద వేలు పెట్టాడు. 'ఇక్కడ్నే కూచోనుంటది. చాప మీద. తాంబూలాలు సర్దతా...'

నా గుండె జారింది. మెనూలోకి వెళ్లి 'ఒరిజినల్' నొక్కాను. అటూ ఇటూ ఆరేసి అంగుళాల నల్లపట్టీలు వచ్చాయి. వాటి మధ్య, బొమ్మ అడుగున జేజి! తమలపాకులు తుడుస్తూ, ఎవరో పిలిస్తే తలెత్తి నవ్వుతూ. చదరపు బొమ్మను జూమ్ చేస్తే పావు వంతు ఎత్తు పోతుంది. ఆ పావు వంతులోనే జేజి ఉంది. 2001లో పోయింది. గోడ మీద ఒక్క ఫొటో తప్పిస్తే, కదిలే జేజి మాకు ఆ క్యాసెట్లోనే మిగిలింది. ఆ కాస్త ముక్కనూ నాయన మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశాడు.

మీ ఇంట్లోనూ పాత పెళ్లి క్యాసెట్లు ఉండే ఉంటాయి. చూసేముందు టీవీ మెనూలో 'పిక్చర్ సైజ్' ఒకసారి చూసుకోండి. జూమ్, స్ట్రెచ్ ఉంటే తీసేసి 'ఒరిజినల్' గానీ, '4:3' గానీ పెట్టండి. క్యాసెట్‌ను డీవీడీ చేయించేటప్పుడు 'తెర నిండా చేసిస్తాం' అంటే వద్దని చెప్పండి. టీవీలో జూమ్ తీసేస్తే పోయినవాళ్లు తిరిగొస్తారు. కాపీలోనే కత్తిరిస్తే రారు.

అమ్మ ఇప్పుడు టీవీ పెట్టగానే ముందు నల్లపట్టీలు ఉన్నాయో లేదో చూస్తోంది. మొన్న రాత్రి పదింటికి ఫోన్!

'ఒరే, పాత సినిమా వస్తా ఉంది. పట్టీలు లేవు. ఎవురో పోయినట్టుండారు... ఏం నొక్కాలో చెప్పు!'