దాహం పూయించే పూలు

ఫాల్గుణం చివరి వారం. రాజమండ్రిలో చీకటితో ఎక్కిన ఆటో వేమగిరి దాటేసరికి తూర్పు ఇంకా బూడిద రంగులోనే ఉంది. పక్కన కాలువ. దాని మీంచి వచ్చే చల్లగాలిలో తడిమట్టి వాసన, పశువుల ఎరువు వాసన, ఆ రెంటి మధ్య సన్నగా పూల వాసన. కడియపులంక వచ్చేసిందని కళ్లకంటే ముందు ముక్కు చెప్పింది.

ఉగాదికి ముందు ఒక ఉదయం ఈ తోటల్లో గడపడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. భుజాన కెమెరా, పూలను దగ్గరగా తీసే లెన్సు ఒకటి, మోకాళ్ల కింద వేసుకోవడానికి గోనెముక్క, ఎండకు అడ్డం పెట్టడానికి తెల్లగొడుగు. ఇంతే సరంజామా. ఇన్నిసార్లు వచ్చినా ఈ పూలు ఎలా పూస్తున్నాయో నేను ఎవరినీ అడిగింది లేదు. ఈసారి అడిగాను.

కడియం, కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి... పేర్లు వేరైనా నడిచేవాడికి ఇదంతా ఒకటే తోట. ఒక నర్సరీ కంచె అయిపోయిన చోట ఇంకో నర్సరీ కంచె మొదలవుతుంది. ఊరి పేర్లలో ఉన్న లంకే ఈ నేల కథ చెబుతుంది. గోదావరి మోసుకొచ్చి మేటవేసిన ఒండ్రు ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లూ తోడయ్యాయి. ఆ మట్టిలో, ఆ నీళ్లతో పెరిగిన మొక్కలు ఇవాళ లారీలెక్కి రాష్ట్రాలు దాటి పోతున్నాయి.

నాకు తెలిసిన నర్సరీ పెద్దాయన గేటు దగ్గరే ఎదురయ్యారు.

"ఆయ్, రండి మాస్టారూ. ఎండెక్కకముందే వచ్చేశారు, మంచి పని చేశారు. టీ తాగి మొదలెడతారా?"

"వెలుతురు పోతుందండీ. టీ తర్వాత తాగుదాం."

నిజంగానే పోతుంది. పూల ఫోటోలకు ఈ నెలలో ఉదయం ఎనిమిదిన్నర దాకానే మంచి వెలుతురు. ఆ తర్వాత ఎండ తీక్షణంగా దిగి తెల్లపూల మీది సన్నని గీతలన్నీ చెరిపేస్తుంది.

నందివర్ధనాలతో మొదలుపెట్టాను. అవి ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద ఉన్నాయి. కొత్తలో నేనిక్కడ ఒక తప్పు చేసేవాణ్ని. నెట్ గుండా వచ్చే వెలుతురు తెల్లని రేకుల మీద పచ్చగా పడుతుంది. కంటికి తెలియదు గానీ ఫోటోలో పువ్వు కామెర్లు సోకినట్టు కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు నెట్ అంచున, ఆకాశం నేరుగా కనిపించే చోట ఉన్న మొక్కనే ఎంచుకుంటాను. మందారాల సంగతి వేరు. ఎర్రమందారాన్ని ఉన్నదున్నట్టు తీస్తే ఎరుపంతా ముద్దకట్టి రేకుల మడతలు కనబడవు. వెలుతురు ఒక మెట్టు తగ్గించి తీస్తే అదే పువ్వు పట్టుచీర కుచ్చిళ్లలా విచ్చుకుంటుంది. పైగా దానికి ఒక్కరోజే ఆయుష్షు. పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోతుంది. రేపొచ్చి తీద్దామనుకుంటే రేపు ఉండేది దాని పక్క మొగ్గ.

షేడ్‌నెట్ దాటి ఆరుబయటికి రాగానే కాగితం పూలు. గులాబీ రంగు, నారింజ, తెలుపు, ఇటుకరంగు... వరసల కొద్దీ కుండీలు. నేను గోనెముక్క వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. కాగితం పువ్వును చాలామంది దూరం నుంచి, రంగు కుప్పగా తీస్తారు. దగ్గరికి వెళ్తే తప్ప దాని గుట్టు తెలియదు. మనం రేకులనుకునేవి రేకులు కావు, రంగు తిరిగిన ఆకులు. వాటి నడుమ సన్నని గొట్టంలాంటి కాడ, దాని కొసన బియ్యపు గింజంత తెల్లటి నక్షత్రం. అసలు పువ్వు అదీ. 1767లో బ్రెజిల్ తీరానికి చేరిన ఫ్రెంచి ఓడల్లో వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు కమెర్సన్ ఈ మొక్కను గుర్తించి, తన యాత్ర నాయకుడు బూగన్‌విల్ పేరు పెట్టాడు. ఆ ప్రయాణంలో అతనికి తోడుగా, మగవేషంలో ఓడెక్కి మొక్కలు సేకరించిన జాన్ బారె అనే స్త్రీ పేరు మాత్రం చాలాకాలం మరుగున ఉండిపోయింది. ఆ తెల్లటి చిన్న పువ్వు మీద లెన్సు నిలిపినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

చూస్తుంటే కుండీల్లో మట్టి బీటలు తీసి ఉంది. ఆకులు కాస్త వాలి ఉన్నాయి. పాతిక గజాల దూరంలో కాలువ నిండుగా పారుతోంది.

"వీటికి నీళ్లు పెట్టలేదేమండీ?"

పెద్దాయన ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూసి వదిలారు. "కావాలనే పెట్టలేదండి. ఆకు కొద్దిగా వాలేదాకా ఆగుతాం. బెట్ట తగిలితేనే దీనికి రంగు. నీళ్లెక్కువైతే ఆకే పెరుగుద్ది, పువ్వు రాదు."

బెట్ట. పైరు ఎండిపోతున్నప్పుడు రైతు నోట భయంగా వినే మాట అది. ఇక్కడ ఆయన దాన్ని ఒక పనిముట్టు పేరులా పలికారు.

పక్కనే అడీనియంలు. ఎడారి గులాబీ అని పిలుచుకునే ఈ మొక్క మొదలు గుమ్మడిలా ఉబ్బి ఉంటుంది. ఆఫ్రికా, అరేబియా ఎండల్లో బతకడానికి నీళ్లు దాచుకునే కుండ అది. మనం ముద్దు చేసి రోజూ నీళ్లు పోస్తే అడుగు కుళ్లి చచ్చిపోతుంది. కాలువల సీమలో దాన్ని బతికించడమంటే చెయ్యి కట్టేసుకోవడమే.

నర్సరీ వెనక మల్లెతోట. నేను వెళ్లేసరికే కోత దాదాపు అయిపోయింది. మల్లె మొగ్గలను పూర్తిగా తెల్లబడ్డాక, విచ్చుకోకముందే, పొద్దు పొడవకుండానే కోస్తారు. అవి విచ్చుకునేది సాయంత్రం ఎవరి జడలోనో. అందుకే మల్లెతోటలో విచ్చిన మల్లె అరుదు. చెట్టు మీద విచ్చిందంటే అది కోతలో తప్పిపోయిన పువ్వు. ఒడి కట్టుకుని కోస్తున్న ఆడవాళ్ల వేళ్లు ఆకుల మధ్య ఎంత వేగంగా తిరుగుతున్నాయంటే కెమెరాలో చెయ్యి మసకగా పడింది. ఆ మసకను అలాగే ఉంచేశాను.

ఈ మల్లెదీ ఆ బెట్ట కథేనని అక్కడే తెలిసింది. చలికాలంలో కొమ్మలు కత్తిరించి, నీళ్లు ఆపి, మొక్కను బోడిగా నిలబెడతారు. తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే కొత్త చిగురు, చిగురు కొసన మొగ్గలు. మామిడి పూతకు ముందు పొడి చలి కావాలి. మోదుగ ఆకంతా రాల్చుకుని గాని నిప్పులా పూయదు. వసంతాన్ని మనం సమృద్ధి అని పాడుకుంటాం. ఆ సమృద్ధి వెనక ఒక పస్తు ఉందని నాకు ఈ మల్లెపాదుల మధ్య నిలబడితే గాని తట్టలేదు.

తిరిగి వస్తుంటే షెడ్డు నీడన ఒకామె చిన్నచిన్న సంచుల్లోని మల్లె మొక్కల ముందు కూర్చుని ఉంది. ప్రతి మొక్కకూ ఒకటో రెండో మొగ్గలున్నాయి. ఆమె వాటిని గోటితో తుంచి పక్కన పడేస్తోంది. నా ప్రాణం ఉసూరుమంది.

"అదేంటమ్మా, మొగ్గలు తుంచేస్తున్నావు?"

ఆమె తలెత్తలేదు. "తొలి మొగ్గ ఉంచకూడదు బాబూ. పసిమొక్క కదా, బలమంతా పువ్వుకే పోద్ది. వేరు ఊనదు. ఇప్పుడు తుంచితే పైయేడు బుట్టెడు పూస్తాది."

"ఫోటో తీసుకోనా?"

"పువ్వుల్లేని మొక్కలకి ఫోటో ఏంటి బాబూ!" అని నవ్వింది గానీ చేతులు ఆపలేదు. ఆ చేతులనే తీశాను. గోటి సందున పచ్చటి కసరు, పక్కన తడిగుడ్డ మీద గుప్పెడు మొగ్గలు. ఆ ఉదయం తీసిన వాటిలో నాకు దక్కిన మంచి ఫోటో అదే.

పూల ఫోటోలు తీసే మిత్రులకు ఒక మాట చెప్పాలనిపిస్తుంది. తోటల్లో చూస్తుంటాను. ఫోటోకు అడ్డొచ్చిందని కొమ్మ విరిచేవాళ్లు, వెనక రంగు బాగుంటుందని పువ్వు తెంపి ఇంకోచోట గుచ్చేవాళ్లు, పాదులు తొక్కేవాళ్లు. ఆమె తుంచింది మొక్క బతకాలని. మనం తుంచేది మన ముచ్చట తీరాలని. మనం రెండడుగులు పక్కకు జరిగితే చాలు, కొమ్మ జరగక్కర్లేదు. ఆ మొక్కను ఇన్ని నెలలు సాకిన చేతులు అక్కడే ఎక్కడో ఉంటాయి. ముందు వాళ్లను అడగాలి.

తొమ్మిదికల్లా ఎండ చుర్రుమంది. టీ తాగి, ఒక మల్లె మొక్క కొన్నాను. దాని మొగ్గలు ఇంకా తుంచలేదు, మూడున్నాయి. పెద్దాయన తుంచబోతే వద్దన్నాను.

ఇంటికొచ్చి కుండీలో నాటాను. మర్నాడు పొద్దున్నే కెమెరా తీసి ఆ మూడు మొగ్గలకూ ఒక ఫోటో తీసుకున్నాను. తర్వాత గోటితో ఒక్కొక్కటే తుంచాను. మూడోదాని దగ్గర చెయ్యి కాసేపు ఆగింది.

కుండీలో మట్టి ఇంకా చెమ్మగానే ఉంది. నీళ్ల చెంబు పక్కన పెట్టేశాను.