రెండేళ్ళ గడువు

సంఘం వారు సంచికకు వ్యాసం అడుగుతూ, "లెక్కల వాళ్ళు కూడా ఏదో ఒకటి వ్రాయండి, కాని లెక్కలు మాత్రం వ్రాయకండి" అన్నారు. వారి మాట కాదనలేక, లెక్కల గురించి కాకుండా లెక్కల పత్రికలకు కట్టే లెక్క గురించి వ్రాస్తున్నాను. ఇది మా పరిశోధక విద్యార్థుల కడుపుకు సంబంధించిన సంగతి. మీలో ఎం.ఎస్సీ. తర్వాత ఇటు రాదలచినవారికి రేపు ఇదే ఎదురవుతుంది.

ఒక పరిశోధన పత్రికకు ఎంత ప్రభావముందో చెప్పడానికి ఎక్కువగా చెల్లుతున్న కొలత ఇంపాక్ట్ ఫ్యాక్టర్. దాన్ని కట్టడం ఆరో తరగతి పిల్లవాడికైనా వస్తుంది. 2006, 2007 సంవత్సరాల్లో ఒక పత్రిక 100 వ్యాసాలు వేసిందనుకుందాం. 2008లో అచ్చయిన వ్యాసాలు వాటిని మొత్తం 60 సార్లు ఉటంకించాయనుకుందాం. 60ని 100తో భాగిస్తే 0.6. అదే ఆ పత్రికకు ఆ ఏటి అంకె. అందులో ఇంటిగ్రేషనూ లేదు, టోపాలజీ లేదు.

ఈ విద్యకు మూలపురుషుడు అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్. ఎవరి వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉటంకించారో చూపే సూచిక ఒకటి ఉండాలని 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల పట్టిక 1975లో మొదలైంది. గ్రంథాలయంలో డబ్బు తక్కువ, పత్రికలు ఎక్కువ. ఏది తెప్పించాలి, ఏది మానాలి అని తేల్చుకునేటప్పుడు ఇలాంటి అంకె ఒకటి చేతిలో ఉంటే మేలే. చిక్కల్లా, పత్రికను కొలవవలసిన మానికతో మనిషిని కొలవడం మొదలైనప్పుడు వచ్చింది.

నిరుడు నేనొక ఫెలోషిప్పు ఇంటర్వ్యూకి వెళ్ళాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నాకు ముందు లోపలికి వెళ్ళినవాడు మా హాస్టల్ రూమ్మేటే, జీవరసాయనం. వాడి వ్యాసం పడిన పత్రిక అంకె 5 పైచిలుకు. నాది 0.6.

"ఏమయ్యా, ఒకటి కూడా లేదే?" అన్నారొకాయన.

"మా సబ్జెక్టులో అది మంచి పత్రికేనండీ."

"ఆ మాట అందరూ అంటారు" అని కాగితం తిప్పేశారు.

ఫెలోషిప్పు వాడికొచ్చింది, నాకు రాలేదు. వాడు యోగ్యుడే, మొదటి నెల డబ్బుతో నాకు బిర్యానీ కూడా పెట్టించాడు. కాని వాడి 5నీ నా 0.6నీ ఒకే త్రాసులో వేయడం మాత్రం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఎందుకంటారా? వాడి రంగంలో కొత్త ఫలితం ఒకటి వస్తే నెలల్లోనే పది ల్యాబులు దాని వెంట పడతాయి. మా దగ్గర ఒక్క వ్యాసం చదివి అర్థం చేసుకోవడానికే ఒక్కోసారి రెండు నెలలు. నా వ్యాసాన్ని పరీక్షకుడు 14 నెలలు దగ్గర ఉంచుకున్నాడు, ఆపైన అచ్చుకు క్యూ. దాన్ని చదివి ఎవరైనా ఉత్సాహపడి ఆ నెలలోనే మరొకటి వ్రాసినా, అది వెలుగు చూసేసరికి నా రెండేళ్ళ గడువు తీరిపోతుంది. ఇది నా ఒక్కడి గోడు కాదు. అంతర్జాతీయ గణిత సంఘం మరి రెండు సంస్థలతో కలిసి 2008లో ఒక నివేదిక తెచ్చింది. గణిత పత్రికలకు వచ్చే ఉటంకింపుల్లో నూటికి 90కి పైగా ఆ రెండేళ్ళకు బయటే ఉంటాయని అందులో తేల్చారు. పెసర చేనుకూ తాటితోపుకూ ఒకే కోతరోజు పెడితే ఇక తాళ్ళు నాటేదెవరు?

మన రామానుజన్ సంగతే చూడండి. 1920 జనవరిలో, కన్నుమూయడానికి మూడు నెలల ముందు, మాక్ థీటా ఫంక్షన్ల గురించి హార్డీకి ఉత్తరం వ్రాశాడు. (అది ఉత్తరమే, పత్రికలో పడిన వ్యాసం కాదు, ఒప్పుకుంటాను.) వాటి అసలు స్వరూపం జ్వెగర్స్ అనే డచ్చి విద్యార్థి 2002 నాటి సిద్ధాంత గ్రంథంతో గాని బయటపడలేదు. మధ్యలో 82 ఏళ్ళు!

అదే నివేదికలో ఇంకో ముచ్చట. అమెరికన్ గణిత సంఘానికి 'ప్రొసీడింగ్స్', 'ట్రాన్సాక్షన్స్' అని రెండు పత్రికలున్నాయి. అప్పటి లెక్కల్లో రెండోదాని అంకె మొదటిదానికి దాదాపు రెట్టింపు. అయినా చెరోదాన్లోంచి ఒక వ్యాసం కళ్ళు మూసుకుని తీస్తే, 62 శాతం సార్లు ప్రొసీడింగ్స్ వ్యాసానికే తక్కువ కాకుండా ఉటంకింపులుంటాయట! ఒకడు సెంచరీ కొట్టి పదిమంది సున్నా చుట్టినా జట్టు సగటు బాగానే కనిపిస్తుంది కదా. ఆ సగటు చూసి పదకొండో ఆటగాడిని ఎవరైనా ఎంపిక చేస్తారా?

ఇక అంకెనే పెంచేద్దామనుకునేవారి కథ వేరు. 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ నాన్‌లీనియర్ సైన్సెస్ అండ్ న్యూమరికల్ సిమ్యులేషన్' అనే పత్రిక 2006 నుంచి 2009 వరకు వరుసగా నాలుగేళ్ళు అనువర్తిత గణితంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆర్నాల్డ్, ఫౌలర్ అనే ఇద్దరు దాని గుట్టు కూలంకషంగా చూసి 2011లో అమెరికన్ గణిత సంఘం 'నోటీసెస్'లో వ్రాశారు. 2008లో దానికి వచ్చిన ఉటంకింపుల్లో 70 శాతానికి పైగా సరిగ్గా ఆ రెండేళ్ళ వ్యాసాలకే! పేరున్న పత్రికల్లో ఆ వంతు చాలా తక్కువ. పైగా ఎక్కువగా ఉటంకించినవారిలో ముందువరుస ఆ పత్రిక సంపాదకవర్గానిదే. మన పెళ్ళికి మనమే చదివింపులు వ్రాసుకోవడమంటే ఇదే. చివరకు 2023లో, ఈ లెక్కలు కట్టే క్లారివేట్ సంస్థే తాను ఏటా ప్రకటించే అత్యధిక ఉటంకింపుల పరిశోధకుల జాబితా నుంచి గణితాన్ని తప్పించింది. ఉటంకింపులే తక్కువగా ఉండే రంగం కనుక కొద్దిపాటి గారడీ చాలు, జాబితా తారుమారవుతుంది.

మరి కొలతే వద్దా అంటే, నేను అలా అనను. గణితం వారి సొంత సూచిక 'మ్యాథ్‌సైనెట్' రెండేళ్ళకు బదులు ఐదేళ్ళు తీసుకుంటుంది. అదీ తాటిచెట్టుకు చాలదు గాని, కాస్త నయం. ఆ అంకె పక్కన వ్యాసం చదివిన మనిషి మాట కూడా ఉండాలి. నా ఇంటర్వ్యూలో బల్లకు అటువైపున్న ఐదుగురిలో ఒక్కరి ముందైనా నా వ్యాసం ప్రతి లేదు, జాబితా మాత్రమే ఉంది.

ఇప్పుడు నా రెండో వ్యాసం సిద్ధమైంది. మూడు వారాల్లో అచ్చు వేస్తామని, అంకె 2 దాటిందని ఊరించే పత్రిక ఒకటి ఇప్పటికి నాలుగుసార్లు ఆహ్వానం పంపింది. మా గైడుగారు "నీ ఇష్టం నాయనా, ఉద్యోగం నీది" అన్నారు. ఇంటి దగ్గర అమ్మ అడగడం మానేసింది, అది మరీ కష్టంగా ఉంది. మళ్ళీ ఇంటర్వ్యూలు జనవరిలో.

పోయిన సోమవారం వ్యాసం పంపించేశాను, 0.5 పత్రికకే. ఆ విషయం మీద పనిచేసే పాతికమంది చదివేది దాన్నే.